ఊపిరితిత్తిలో నాటిన గింజలు

గరికపాడు జగ్గయ్యపేట దగ్గరి మెట్ట గ్రామం. వ్యవసాయ పరిశోధనా స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్న ఊరు గనుక చుట్టుపక్కల రైతులకు ఆ పేరు వినగానే విత్తనం జ్ఞాపకం వస్తుంది. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలలో గింజ వేసే ప్రతి రైతుకూ మూడు సంగతులు క్షుణ్ణంగా తెలుసు. గింజను ఎంత లోతున వేయవలెను, గింజకూ గింజకూ ఎంత ఎడం ఉంచవలెను, ఎన్నాళ్ళకు దాని పని అది చేస్తుంది. ఈ వ్యాసంలో చెప్పబోయే గింజలు మొలకెత్తేవి కావు. అవి బియ్యపు గింజకన్న చిన్నవి, లోహపు తొడుగు కలవి, లోపల రేడియోధార్మిక పదార్థం ఇమిడి ఉన్నవి. వాటిని మనిషి ఊపిరితిత్తిలో పుట్టిన కాన్సరు కంతిలో నాటుతారు. ఐతే వాటిని నాటే వైద్యుడు కూడా రైతు వేసికొనే ఆ మూడు ప్రశ్నలే వేసికొంటాడు. నూరేళ్ళు పైబడిన ఈ చికిత్స చరిత్ర చాలావరకు ఆ ప్రశ్నలకు జవాబులు వెదకిన చరిత్రే. ఆ వెదకులాటలో కృష్ణా జిల్లాలో పుట్టిన ఒక వైద్యునికి చెప్పుకోదగిన పాలు ఉన్నది.

చదువరికి మొదటనే ఒక సందేహం కలుగుతుంది. కాన్సరు మీద కిరణాలు ప్రయోగించవలెనంటే బయట యంత్రం పెట్టి పంపవచ్చును గదా, లోపల గింజలు నాటడం దేనికి? దీనికి జవాబు ఉన్నత పాఠశాలలో చెప్పే భౌతికశాస్త్రంలోనే ఉన్నది. దీపానికి ఒక అడుగు దూరంలో పుస్తకం పెట్టి, తరువాత దానిని రెండడుగులకు జరిపితే పుటమీద పడే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మూడడుగులకు జరిపితే తొమ్మిదో వంతు. దీనినే విలోమవర్గ నియమం అంటారు. చిన్న గింజనుండి వెలువడే గామా కిరణాలకు కూడా ఇదే నియమం. కంతి నడుమ గింజ ఉన్నదనుకొందాం. దానికి ఒక సెంటీమీటరు దూరంలోని జీవకణాలకు నూరు పాళ్ళు కిరణాలు తగిలితే, ఐదు సెంటీమీటర్ల దూరంలోని కణాలకు నాలుగు పాళ్ళే చేరుతాయి. నడుమనున్న కండ పీల్చుకొనేది దీనికి అదనం. అంటే కంతికి గట్టి దెబ్బ, పక్కనున్న గుండెకూ వెన్నుపాముకూ స్వల్పమైన తాకిడి. బయటి యంత్రం కిరణాలు చర్మాన్నీ, పక్కటెముకలనూ దాటుకొని కంతిని చేరవలెను. చేరిన తరువాత అక్కడ ఆగకుండా ముందుకు కూడా పోతాయి. ఊపిరితిత్తి విషయంలో మరొక చిక్కు. అది నిమిషానికి సుమారు పదిహేను మార్లు ఉబ్బి తగ్గుతూ ఉంటుంది. బయటనుండి గురిపెట్టిన కిరణం కింద లక్ష్యం జరిగిపోతుంది. నాటిన గింజ మాత్రం కంతితోపాటే కదులుతుంది.

జేబులోని గాజుగొట్టం

ఈ వైద్యం ఒక కాలిన మచ్చతో మొదలైనది. 1896లో హెన్రీ బెకెరెల్ యురేనియం లవణాలనుండి కంటికి కనపడని కిరణాలు వస్తున్నవని గమనించినాడు. 1898 డిసెంబరులో పియేర్ క్యూరీ, మేరీ క్యూరీ దంపతులు రేడియం ఉనికిని ప్రకటించినారు. 1901లో బెకెరెల్ రేడియం ఉన్న చిన్న గాజుగొట్టాన్ని కోటు లోపలి జేబులో వేసికొని తిరిగినాడు. కొన్నాళ్ళకు ఆ జేబు కిందనున్న చర్మం ఎర్రబారి పుండు పడినది. పియేర్ క్యూరీ బుద్ధిపూర్వకంగానే తన చేతిమీద రేడియం ఉంచుకొని, పడిన పుండు ఎట్లా పెరిగినదో, ఎట్లా మానినదో గుర్తు వేసికొన్నాడు. ఇద్దరూ కలిసి ఈ సంగతి ప్రకటించినారు. చెడ్డ చర్మాన్ని కూడా ఇది ఇట్లాగే కాల్చివేస్తుంది గదా అన్న ఆలోచన వెంటనే వచ్చినది. పారిస్ నగరంలోని సెయింట్ లూయీ ఆస్పత్రిలో హెన్రీ దాన్లో అనే చర్మవైద్యుడు ఆ సంవత్సరమే క్యూరీల వద్దనుండి రేడియం తెచ్చి చర్మక్షయ రోగులకు వాడి చూచినాడు.

చర్మం పైనున్నది గనుక రేడియంను దానిమీద ఉంచవచ్చును. లోపలి కంతి మాట ఏమిటి? 1903లో దీనికి దారి సూచించినవాడు వైద్యుడు కాకపోవడం విశేషం. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక వైద్యమిత్రునికి ఉత్తరం రాస్తూ, రేడియం తునకను సన్నని గాజుగొట్టంలో ఉంచి ముద్రవేసి దానిని కాన్సరు నడిమధ్యకే చేర్చరాదా అని సూచించినాడు. బయటి కిరణాలు మంచి కండను దాటి పోవలసి వస్తున్నవి గనుక, మూలాన్నే లోపలికి తీసికొనిపోవాలని ఆయన తర్కం. తీగల మీద మాటలు పంపిన మనిషికి, దూరం పెరిగితే బలం తగ్గుతుందన్న సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు.

ఆలోచన బాగానే ఉన్నది. రేడియం ఎక్కడిది? 1921లో అమెరికా దేశపు స్త్రీలు చందాలు వేసికొని మేరీ క్యూరీకి బహూకరించిన ఒకే ఒక్క గ్రాము రేడియం ఖరీదు లక్ష డాలర్లు. అంత ఖరీదైన వస్తువును రోగి ఒంట్లో వదలివేయడం సాధ్యమా? పైగా రేడియం అర్ధాయువు, అంటే అందులోని పరమాణువులలో సగం క్షీణించడానికి పట్టే కాలం, సుమారు 1,600 సంవత్సరాలు. ఒంట్లో వదలితే రోగి జీవితాంతమూ కిరణాలు వెదజల్లుతూనే ఉంటుంది. కాబట్టి పెట్టిన సూదులను లెక్క ప్రకారం కొన్ని రోజులకు తీసివేయవలెను. ఊపిరితిత్తిలో పెట్టి, మళ్ళీ రొమ్ము కోసి తీయడం అసంభవం.

ఈ చిక్కును విప్పినది రేడియం బిడ్డయే. రేడియం పరమాణువు ఒక ఆల్ఫా కణాన్ని విడిచి రేడాన్ అనే వాయువుగా మారుతుంది. ఆవును అమ్ముకోకుండా పాలు పితుక్కొన్నట్లు, రేడియంను భద్రంగా ఒక గదిలో ద్రావణంగా ఉంచి, దానినుండి పుట్టే రేడాన్‌ను మాత్రం పంపులతో లాగి, శుద్ధి చేసి, వెంట్రుకవంటి సన్నని గొట్టాలలో బంధించి ముక్కలుగా కోయడం నేర్చుకొన్నారు. అమెరికాలో విలియం డ్యూయేన్ ఈ యంత్రాన్ని రూపొందించినాడు. న్యూయార్క్ మెమోరియల్ ఆస్పత్రి దానిని చాలాకాలం నడిపినది. రేడాన్ అర్ధాయువు 3.8 రోజులు. విద్యార్థులు లెక్క వేసి చూచుకోవచ్చును: ముప్పది రోజులలో ఎనిమిది అర్ధాయువులు గడుస్తాయి, రెండును ఎనిమిది మార్లు హెచ్చిస్తే 256, కాబట్టి నెల తిరిగేటప్పటికి మిగిలేది 256వ వంతు. అంటే గింజ తనంతట తానే ఆరిపోతుంది, తీయవలసిన పని లేదు. ఒంట్లో శాశ్వతంగా వదలివేసే గింజ ఇట్లా పుట్టినది.

మొదటి గింజలు గాజువి. గాజు గామా కిరణాలతోపాటు బీటా కణాలను కూడా బయటికి పోనిచ్చేది. బీటా కణాలు కొద్ది మిల్లీమీటర్లలోనే తమ బలమంతా దింపివేసి, గింజ చుట్టూ కండను కుళ్ళబెట్టేవి. రోగికి భరించరాని నొప్పి. మెమోరియల్ ఆస్పత్రిలో జియొకీనో ఫైల్లా అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1920ల నడుమ గాజుకు బదులు బంగారపు గొట్టాలు ప్రవేశపెట్టినాడు. మిల్లీమీటరులో మూడో వంతు మందం కూడా లేని బంగారపు గోడ బీటా కణాలను చాలావరకు ఆపి, గామాను వదలేది. వైద్యంలో బంగారం ఇంత సార్థకంగా ఖర్చయిన సందర్భాలు తక్కువ. ఇక గింజకూ గింజకూ ఎంత ఎడం అన్న ప్రశ్నకు 1934లో ఇంగ్లండులోని మాంచెస్టరునుండి జవాబు వచ్చినది. రాల్‌స్టన్ పాటర్సన్ అనే వైద్యుడు, హెర్బర్ట్ పార్కర్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు కలిసి, కంతి పరిమాణాన్నిబట్టి ఎన్ని మూలాలను ఏ అమరికలో పెడితే అంతటా సమానంగా కిరణాలు పడతాయో పట్టికలు తయారుచేసినారు. అంతవరకు అది హస్తవాసి. ఆ తరువాత గణితమైనది.

డాక్టరు గిల్మోర్ ఎడమ ఊపిరితిత్తి

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ఊపిరితిత్తి కాన్సరు అరుదైన జబ్బు. 1912లో ఐజాక్ ఆడ్లర్ అనే వైద్యుడు ఈ జబ్బు మీద పుస్తకం రాస్తూ, ఇంత అరుదైన జబ్బుకు ఒక గ్రంథమా అని చదువరులు అడుగుతారేమోనని సంకోచించవలసి వచ్చినది. సిగరెట్టు వ్యాపించిన కొద్దీ ఆ అరుదుతనం పోయినది. శ్వాసనాళంలోకి గొట్టం దించి చూచే బ్రాంకోస్కోపు అప్పటికే వాడుకలోకి వచ్చింది. న్యూయార్క్ వైద్యుడు సిడ్నీ యాంకౌర్ ఆ గొట్టం గుండా కంతివద్దకు రేడియం చేర్చిన సంగతి 1922లో ప్రకటించినాడు. రొమ్ము కోయకుండా కంతిని అందుకొనే దారి అప్పటినుండి నేటివరకు మూతపడలేదు.

1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు బార్న్స్ ఆస్పత్రిలో జరిగిన శస్త్రచికిత్స ఈ చరిత్రలో పెద్ద మలుపు. రోగి జేమ్స్ గిల్మోర్, పిట్స్‌బర్గ్ నగరంలో ప్రసూతి వైద్యుడు, వయస్సు 48. ఎడమ ఊపిరితిత్తిలో కాన్సరు. శస్త్రవైద్యుడు ఎవార్ట్స్ గ్రాహం. ఊపిరితిత్తిలో ఒక తమ్మెను మాత్రం తీసివేయవలెనని రొమ్ము తెరచినారు. తెరచి చూస్తే కంతి అంతటితో ఆగలేదు. కాన్సరు ఉన్న మనిషికి ఒక వైపు ఊపిరితిత్తిని మొత్తంగా ఒకేసారి తీసివేస్తే బ్రతికిన దాఖలా అంతవరకు లేదు. గ్రాహం మొత్తం తీసివేసినాడు. తీయగా మిగిలిన మోడులో కాన్సరు కణాలు ఉండిపోయి ఉంటే అవి చావవలెనని అందులో కొన్ని రేడాన్ గింజలు నాటినాడు.

గిల్మోర్ కోలుకొని తన వృత్తికి తిరిగి వెళ్ళినాడు, మరి ముప్పది సంవత్సరాలు జీవించి 1963లో వేరే జబ్బుతో మరణించినాడు. ఇక్కడ ఉపాధ్యాయులు విద్యార్థులను ఒక ప్రశ్న అడుగవచ్చును. గిల్మోర్‌ను బ్రతికించినది కత్తియా, గింజలా? ఈ ఒక్క రోగిని చూచి చెప్పడానికి వీలు లేదు. రెండూ ఒకేసారి జరిగినవి. గింజలు లేకపోయినా ఆయన బ్రతికేవాడేమో. ఈ చిన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి ఎనభై ఏళ్ళు పట్టినదని తరువాత చూడబోతున్నాం.

గ్రాహం కథ ఇంతటితో ముగియలేదు. ఆయన సిగరెట్లు విపరీతంగా కాల్చే మనిషి. పొగకూ కాన్సరుకూ సంబంధమున్నదని తన శిష్యుడు ఎర్నస్ట్ విండర్ అన్నప్పుడు మొదట నమ్మలేదు. ఐనా పరిశోధన చేయనిచ్చినాడు, తానూ చేరినాడు. 1950లో వారిద్దరూ 684 మంది రోగుల వివరాలతో ప్రకటించిన వ్యాసం పొగాకు అపాయాన్ని లోకానికి చాటినవాటిలో ఒకటి. తరువాత గ్రాహం సిగరెట్టు మానివేసినాడు. 1957 మార్చిలో ఊపిరితిత్తి కాన్సరుతోనే మరణించినాడు. శస్త్రచికిత్సకు వీలులేని దశలో బయటపడినది. ఆయన బ్రతికించిన రోగి ఆయనకన్న ఆరు సంవత్సరాలు ఎక్కువ జీవించినాడు.

మనవైపు సంగతి

గిల్మోర్ శస్త్రచికిత్స జరిగిన మరుసటి సంవత్సరం, 1934లో, మద్రాసు జనరల్ ఆస్పత్రి ఆవరణలో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ ఏర్పడినది. కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోని భాగం. నందిగామ వైపు మనిషికి రేడియం చికిత్స కావలెనంటే దక్షిణానికి రాత్రంతా రైలు ప్రయాణం చేయవలెను. గరికపాడుకు పడమట పాలేరు దాటితే నిజాం రాజ్యం. 1955లో హైదరాబాదులో, రెడ్ హిల్స్ ప్రాంతంలో, మెహదీ నవాజ్ జంగ్ పేరిట కాన్సరు ఆస్పత్రి వెలసినది. దాని తొలి పేరులోనే రేడియం సంస్థ అని ఉన్నది. నవాజ్ జంగ్ హైదరాబాదు మంత్రిగా పనిచేసి, తరువాత గుజరాతుకు తొలి గవర్నరైన ప్రముఖుడు. మరుసటి సంవత్సరం రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమైనవి. అప్పటినుండి ఈ మెట్ట ప్రాంతపు రోగులకు హైదరాబాదు రోడ్డే దగ్గరి దారి. ఆ రోడ్డు గరికపాడు మీదుగానే పోతుంది. 2014లో ఆ ఊరు మళ్ళీ రాష్ట్ర సరిహద్దు అయినది గాని, రోగుల ప్రయాణం మారలేదు.

రేడియం పేరుతో ఆస్పత్రులు వెలుస్తున్న ఆ కాలానికే రేడియం యుగం ముగింపుకు వస్తున్నది. కారణం, నాటేవారి చేతులు. గింజలను చిమటాతో పట్టుకొని సూదిలోకి ఎక్కించేది మనుషులే. రోగికి ఒకసారి తగిలే కిరణాలు వైద్యునికీ నర్సుకూ రోజూ తగిలేవి. ముందు చర్మం బిరుసెక్కేది, తరువాత గోళ్ళు పగిలేవి, తరువాత వ్రేళ్ళు తీసివేయవలసి వచ్చేది. కొందరికి రక్తమే పుట్టడం మానివేసేది. మేరీ క్యూరీ 1934లో అటువంటి రక్తహీనతతోనే మరణించినది. 1936లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఒక ఆస్పత్రి తోటలో ఎక్స్ కిరణాలకూ రేడియంకూ బలియైన శాస్త్రజ్ఞులకు, వైద్యులకు, నర్సులకు స్మారకస్తంభం నిలిపినారు. దానిమీద మొదట చెక్కిన పేర్లు 169. తరువాత ఇంకా చేర్చవలసి వచ్చినది.

విముక్తి మార్గం అణు రియాక్టరు చూపించినది. 1934లో ఐరీన్ క్యూరీ, ఫ్రెడరిక్ జోలియో దంపతులు కృత్రిమంగా రేడియోధార్మికతను పుట్టించవచ్చునని నిరూపించినారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత రియాక్టర్లలో న్యూట్రాన్లతో కొట్టి కావలసిన ఐసోటోపును కావలసినంత తయారుచేయడం సాధ్యమైనది. బంగారం-198 అర్ధాయువు 2.7 రోజులు, ఇరిడియం-192కు 74 రోజులు. ఇక రేడియం గదులతోనూ, రేడాన్ పంపులతోనూ పని లేదు. మన దేశంలో 1956 ఆగస్టులో ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయసాగినది. వైద్యానికి పనికివచ్చే ఐసోటోపులు మన గడ్డమీదనే తయారుకావడానికి అక్కడ నాంది. మెమోరియల్ ఆస్పత్రిలో ఉల్రిక్ హెన్ష్కే అనే వైద్యుడు 1950లలో మరొక చిన్న మార్పు చేసినాడు. శస్త్రచికిత్స గదిలో ఖాళీ గొట్టాలను మాత్రం కంతిలో తాపీగా అమర్చి, ఫొటో తీసి సరిచూచుకొని, రోగిని గదికి చేర్చిన తరువాత ఇరిడియంను ఆ గొట్టాలలోకి నెట్టడం. ముందు దారి, తరువాత బండి. వినడానికి అతి సామాన్యమైన ఈ ఉపాయం ఎందరి వ్రేళ్ళను కాపాడినదో చెప్పలేము. ఈ చరిత్రలో పెద్ద పెద్ద సిద్ధాంతాలకన్న ఇటువంటి పనితనపు ఉపాయాలకే ఎక్కువ గౌరవం దక్కవలెనని నా అభిప్రాయం.

అయొడిన్ గింజ

1960లలో వచ్చిన అయొడిన్-125 గింజ ఈ కథలో ముఖ్యపాత్ర. పొడవు నాలుగున్నర మిల్లీమీటర్లు, లావు మిల్లీమీటరుకు తక్కువ, పైతొడుగు టైటేనియం. అర్ధాయువు సుమారు 60 రోజులు. దానినుండి వచ్చే కిరణాలు రేడాన్ కిరణాలవలె దూసుకొనిపోయేవి కావు, మెత్తనివి. కండలో సుమారు రెండు సెంటీమీటర్లు పోయేసరికి వాటి బలం సగమవుతుంది. కాగితంవంటి పలుచని సీసపు రేకు చాలు, వాటిని చాలావరకు ఆపడానికి. ఈ మెత్తదనమే దాని గుణం: కంతిలో దెబ్బ, రోగి ఒంటి బయట దాదాపు ఏమీ లేదు. దీనికి ప్రతిగా ఒక లోపమూ ఉన్నది. మెల్లగా, నెలల తరబడి కిరణాలు ఇచ్చే గింజ వేగంగా పెరిగే కంతికి వెనుకబడుతుంది. అటువంటి చోట 17 రోజుల అర్ధాయువు గల పెల్లేడియం-103 మేలని తరువాత కొందరు భావించినారు. ఎన్నాళ్ళు అన్న ప్రశ్న ఇంకా పూర్తిగా తెగలేదన్నమాట.

అయొడిన్ గింజలను ఊపిరితిత్తులలో నాటే పద్ధతిని మెమోరియల్ ఆస్పత్రిలో బేసిల్ హిలారిస్ అనే వైద్యుడు పెంపొందించినాడు. 1970ల చివరి భాగంలో ఆయన పక్కన చేరినవాడు డాక్టర్ నోరి దత్తాత్రేయుడు. 1947లో కృష్ణా జిల్లా మంటాడలో పుట్టి, కర్నూలు వైద్య కళాశాలలో చదివి, హైదరాబాదులో ఉస్మానియాలో ఉన్నతవిద్య ముగించుకొని న్యూయార్క్ వెళ్ళినాడు. గింజలు నాటే చికిత్సను బ్రేకీథెరపీ అంటారు. గ్రీకు భాషలో బ్రేకీ అనగా పొట్టి, అంటే కిరణం నడిచే దూరం పొట్టిదని. మెమోరియల్‌లో ఆ విభాగానికి ఆయన అధిపతి అయినాడు. 2015లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చినది.

ఆ బృందం చేసిన పని ఎటువంటిదో కొంచెం వివరంగా చూతాం. రొమ్ము తెరచిన తరువాత కంతిలో కొంత భాగం పెద్ద రక్తనాళాలకో, వెన్నెముకకో, పక్కటెముకలకో అతుక్కొని ఉంటుంది. కత్తి పెడితే రోగి బల్లమీదనే పోతాడు. ఆ దశలో పూర్వం చేయగలిగినది రొమ్ము మూసి కుట్టువేయడమే. దానికి బదులు ఆ మిగిలిన కంతి పొడవు, వెడల్పు, లోతు కొలుస్తారు. కొలతలనుబట్టి ఎన్ని గింజలు కావలెనో పట్టికలో చూస్తారు. బోలు సూదులను సుమారు సెంటీమీటరు ఎడంతో కంతిలోకి గుచ్చుతారు. ప్రతి సూదినీ కొంచెం కొంచెంగా వెనుకకు లాగుతూ, లాగిన మేరకు ఒక్కొక్క గింజను విడుస్తారు. నాగలి వెనుక గొర్రుతో విత్తనం జారవిడిచే రైతు కన్నులకు ఈ దృశ్యం కొత్తగా తోచదు. కంతి అంతా తీసివేసి, అంచులలో మాత్రం అనుమానం మిగిలిన చోట ఇరిడియం తీగలు కొద్ది రోజులు ఉంచి తీసివేస్తారు. 1983లో హిలారిస్, నోరి, శస్త్రవైద్యులు బీటీ, మార్టీనీ కలిసి ఈ పద్ధతి ఫలితాలను ప్రకటించినారు. నోరి బృందం 1995లో ఇంకొక ప్రయత్నాన్ని వివరించినది. గింజలు గుచ్చడానికి కండ మందం చాలని చోట, రక్తం ఆపడానికి వాడే జెలటిన్ స్పంజిలో గింజలు పొదిగి ఆ బిళ్ళను అనుమానమున్న చోట అంటించినారు. స్పంజి కొన్ని వారాలలో ఒంట్లో కరిగిపోతుంది, గింజలు అక్కడనే ఉంటాయి. కొద్దిమంది రోగుల మీద చేసిన ప్రయోగమిది. వారు కూడా దానిని తొలి ప్రయత్నమనే పేర్కొన్నారు.

హైదరాబాదులో నందమూరి తారక రామారావు భార్య బసవతారకం కాన్సరుతో 1985లో మరణించిన తరువాత, ఆమె పేరిట 2000లో ప్రారంభమైన ఇండో అమెరికన్ కాన్సరు ఆస్పత్రి స్థాపనలో నోరి దత్తాత్రేయుడు పాల్గొన్నాడు. అంటే మంటాడనుండి న్యూయార్క్ చేరిన విద్యలో కొంత మళ్ళీ హైదరాబాదు రోడ్డుకు వచ్చినది.

ఎనభై ఏళ్ళకు వచ్చిన జవాబు

గిల్మోర్ మోడులో గింజలు పనిచేసినవా అన్న ప్రశ్నకు వద్దాం. ముసలివారికీ, ఊపిరి చాలనివారికీ ఒక తమ్మె మొత్తం తీయలేరు. కంతి ఉన్న ముక్కను మాత్రం కోసి తీస్తారు. కోసిన గీత వద్ద కాన్సరు మళ్ళీ మొలిచే భయం ఎక్కువ. ఆ గీత వెంట అయొడిన్ గింజలు కుట్టితే ఎట్లా ఉంటుంది? 2003లో కొన్ని అమెరికా ఆస్పత్రుల పాత రికార్డులను పోల్చి చూచినారు. గింజలు లేనివారిలో నూటికి సుమారు 19 మందికి ఆ చోటనే జబ్బు తిరిగి వచ్చినది. గింజలు కుట్టినవారిలో నూటికి ఇద్దరికే. ఇంత తేడా చూచి ఎవరు సంతోషించరు?

అయినా శాస్త్రజ్ఞులు ఆగి ఆలోచించినారు. పాత రికార్డులలో గింజలు పెట్టించుకొన్నవారు ఒక రకం రోగులు, పెట్టించుకోనివారు మరొక రకం కావచ్చును. చేసిన వైద్యులు వేరు కావచ్చును, కోసిన తీరు వేరు కావచ్చును. కాబట్టి రెండు వందల పైచిలుకు రోగులను చీటీ వేసినట్లు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు గింజలు కుట్టి, రెండో గుంపుకు కుట్టకుండా సంవత్సరాల తరబడి గమనించినారు. 2014లో ఫలితం వచ్చినది. తేడా లేదు. రెండు గుంపులలోనూ జబ్బు తిరిగి రావడం తక్కువగానే ఉన్నది. శస్త్రవైద్యులు అంచు విడిచి శ్రద్ధగా కోసినప్పుడు గింజలకు చేయవలసిన పని మిగలలేదని దీనిని అర్థం చేసికోవచ్చును. గింజలు పనికిరానివని మాత్రం కాదు. కత్తి బాగా పనిచేసిన చోట అవి అనవసరం. కత్తి చేరలేని చోట, నోరి బృందం ఎదుర్కొన్నటువంటి స్థితిలో, ఈ పరీక్ష ఏమీ చెప్పదు. ఒక పరీక్ష ఏ ప్రశ్నకు జవాబిచ్చినదో, ఏ ప్రశ్నను తాకలేదో వేరుచేసి చూడడం విద్యార్థులకు ఈ ఉదాహరణ బాగా నేర్పుతుంది.

ఈ శతాబ్దంలో దారులు చీలినవి. బయటి యంత్రాలు చాలా మెరుగై, ఊపిరితో కదిలే కంతిని వెంబడించి నాలుగైదు విడతలలోనే పెద్ద మోతాదు ఇవ్వగలుగుతున్నవి. శస్త్రచికిత్సకు తట్టుకోలేని తొలిదశ రోగులకు చాలా దేశాలలో ఇప్పుడు ఇదే వాడుక. చైనాలో మాత్రం సి.టి. చిత్రాలు చూస్తూ చర్మం గుండా సూదులు గుచ్చి అయొడిన్ గింజలు నాటడం విరివిగా సాగుతున్నది. సూది వల్ల ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, గింజ తన చోటునుండి జారిపోవడం అందులోని చిక్కులు. మన దేశంలో ట్రాంబేలోని భాభా అణు పరిశోధనా కేంద్రం అయొడిన్-125 గింజలను తయారుచేసినది. వాటిని ప్రధానంగా కంటి కాన్సరుకూ, ప్రోస్టేటు కాన్సరుకూ ఉద్దేశించినారు. ఊపిరితిత్తి విషయంలో యాంకౌర్ దారి ఇంకా బ్రతికే ఉన్నది. శ్వాసనాళంలో కంతి అడ్డుపడి ఊపిరాడనివారికి, రక్తం కక్కేవారికి బ్రాంకోస్కోపు గుండా సన్నని గొట్టం దించి, యంత్రంతో తీగ చివరనున్న ఇరిడియంను కొన్ని నిమిషాలు అక్కడ నిలిపి వెనుకకు తీస్తారు. జబ్బును కుదర్చడానికన్న బాధ తగ్గించడానికే ఇది ఎక్కువగా ఉపయోగం. అయినా ఊపిరాడక రాత్రులు కూర్చుండి గడిపే మనిషికి పడుకొని నిద్రపట్టడం చిన్న ఉపకారమేమీ కాదు.

తరగతిలో ఈ పాఠం చెప్పినప్పుడు పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. గింజలు నాటించుకొన్న మనిషిని తాకితే మనకు కిరణాలు అంటుకొంటాయా? అంటుకోవు. పదార్థం టైటేనియం తొడుగులో బందీగా ఉన్నది. అది చెమటలోనికి గాని, ఎంగిలిలోనికి గాని రాదు. కిరణాలు మాత్రం కొద్దిగా బయటికి వస్తాయి, అవికూడా దూరంతో తగ్గేవే. అందుచేత మొదటి రెండు మూడు నెలలు పసిపిల్లలను చాలాసేపు రొమ్ముకు హత్తుకొని కూర్చోవద్దని, గర్భిణులు పక్కనే పడుకోవద్దని వైద్యులు చెబుతారు. ఒకే గదిలో కూర్చుండి మాట్లాడడానికి, కలిసి భోంచేయడానికి అభ్యంతరం లేదు. దగ్గినప్పుడు గింజ బయటపడితే చేతితో తాకక చెంచాతో ఎత్తి, మూత గల సీసాలో వేసి, ఆస్పత్రికి తెలుపవలెను. రోగి వద్ద గింజల వివరాలు, నాటిన తేదీ రాసిన చీటీ ఉంటుంది. విమానాశ్రయంలో కిరణాలను పసిగట్టే సాధనం మోగితే చూపించడానికి అది పనికివస్తుంది. సంవత్సరం గడిచేసరికి ఆరు అర్ధాయువులు పూర్తవుతాయి, మొదటి బలంలో 64వ వంతు మిగులుతుంది. రెండో ఏడు ముగిసేసరికి ఆ 64వ వంతులో మళ్ళీ 64వ వంతు. టైటేనియం తొడుగు మాత్రం అట్లాగే ఉండి, ఎక్స్-రే ఫొటోలో చిన్న తెల్లని గీతలుగా కనిపిస్తూ ఉంటుంది.